ఫోటో వాళ్లది, పిట్టను చూసిన కన్ను మనది

పోస్టు కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

చలికాలం వస్తే మన దిక్కుకు పెద్ద పెద్ద లెన్సులు పట్టుకుని పక్షుల ఫోటోలు తీసేవాళ్లు వస్తారు. రోళ్లపాడు గడ్డి నేలలు, నల్లమల, లంకమల తిరుగుతారు. రెండ్రోజుల సెలవు దొరికితే చాలు, సిటీల నుంచి కార్లు దిగుతాయి. వాళ్ల మీద మాకు కోపం లేదు. పిట్టను చంపకుండా చూసి, ఫోటో తీసుకుని పోవడం మంచి పనే. మా ప్రశ్న ఒకటే. ఈ హాబీలో మన చోటు ఎక్కడ?

కలివి కోడి కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. పుస్తకాల్లో దాని పేరు జెర్డాన్స్ కోర్సర్. ఆ పేరు జెర్డాన్ అనే ఇంగ్లీషు డాక్టరుది. 1848లో దాని గురించి పుస్తకాలకెక్కింది. 1900 తర్వాత పరిశోధకులెవరికీ కనపడకపోయేసరికి ఇంక అంతరించిపోయిందనుకున్నారు. 1986 జనవరిలో బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ కడప జిల్లాలో వెతుకుతున్నప్పుడు, ఐతన్న అనే ఇక్కడి వేటగాడు రాత్రిపూట లైటు వెలుగులో దాన్ని పట్టి తెచ్చాడు. ఆ పక్షి బతకలేదు గానీ, దాని జాతి బతికే ఉందని లోకానికి తెలిసింది. ఆ తర్వాత లంకమలను అభయారణ్యం చేశారు. 2005లో తెలుగుగంగ కాలువ పనులు ఆ పొదల్లోకి వస్తే, పెద్ద పోరాటం జరిగి కాలువ దారే మారింది.

ఆలోచించండి. 86 ఏళ్లు సైన్సుకు దొరకని పిట్టకు ఊర్లో పేరుంది. అది కలివి పొదల్లో ఉంటుందని, రాత్రి తిరుగుతుందని తెలిసిన మనుషులున్నారు. కానీ పుస్తకంలో మిగిలింది డాక్టరు పేరు. ఐతన్న పేరు ఎంతమందికి తెలుసు?

ఇట్లనే జరగాలని రూలేం లేదు. అరుణాచల్ ప్రదేశ్‌లో ఈగల్‌నెస్ట్ దగ్గర రమణ ఆత్రేయ అనే శాస్త్రవేత్త ఒక కొత్త పక్షిని గుర్తించి 2006లో లోకానికి చెప్పాడు. దాన్ని చంపి మ్యూజియంలో పెట్టలేదు. ఈకలు, ఫోటోలతోనే వివరాలు రాశాడు. పేరు మాత్రం అక్కడి చిన్న తెగ పేరే పెట్టాడు, బుగున్ లియోసికలా అని. పక్షులు చూడడానికి వచ్చేవాళ్లతో బుగున్‌లకు పని దొరికింది. 2017లో వాళ్ల ఊరి అడవిలో 17 చదరపు కిలోమీటర్లు కమ్యూనిటీ రిజర్వు అయింది. అక్కడ సాధ్యమైంది ఇక్కడ ఎందుకు కాదు?

ఇంకో మాట. 1972 వన్యప్రాణి రక్షణ చట్టంలో 28వ సెక్షన్ ఉంది. అభయారణ్యంలోకి పోవడానికి ఏయే పనులకు అనుమతి ఇవ్వొచ్చో అందులో రాశారు. ఫోటోగ్రఫీ, టూరిజం రెండూ ఉన్నాయి. 2006 అటవీ హక్కుల చట్టంలో తేనె, గడ్డలు లాంటి అటవీ ఫలసాయం మీద మన హక్కు కూడా రాసే ఉంది. మరి దారిలో జరిగేదేంది? మా హాస్టల్లో ఒక తమ్ముడి నాయన తేనెకు పోయి వస్తుంటే ఆపి సంచి దులిపించారు. అదే దారిలో కెమెరాల జీపు ఆగకుండా పోయింది. రెండూ చట్టంలో ఉన్నవే. ఒకరికి సలాము, ఇంకొకరికి సోదా. ఈ తేడా పోకుండా పక్షి ప్రేమ గురించి ఎంత మాట్లాడినా మాకు సగమే వినపడుతుంది.

జనాన్ని పక్కన పెడితే ఏమౌతుందో రోళ్లపాడు చూసి నేర్చుకోవచ్చు. బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం పెట్టారు. అది బాగా బరువైన పిట్ట, దానికి విశాలమైన గడ్డి నేల కావాలి. చుట్టూ సాగునీరు వచ్చింది, పంటలు మారాయి, గడ్డి నేల తగ్గింది. జింకలు పెరిగి చేలమీద పడితే రైతులకు అభయారణ్యమంటేనే విసుగొచ్చింది. ఈరోజు దేశమంతా వెతికినా బట్టమేక పిట్టలు నూటయాభై లోపే, అవీ ఎక్కువ రాజస్థాన్‌లోనే. బోర్డులు నిలబడ్డాయి, పిట్ట పోయింది.

అందుకే ఫోటోలు తీసే అన్నలకు, అక్కలకు మేం చెప్పేది ఇది. గూటి దగ్గరికి పోవద్దు. ఫోన్లో కూత వినిపించి పిట్టను బయటికి రప్పించొద్దు. అది తిండి, పిల్లలు వదిలేసి శత్రువు వచ్చిందని తిరుగుతుంది. అరుదైన పక్షి ఫోటోకు లొకేషన్ పెట్టొద్దు. ఈబర్డ్ కూడా కొన్ని పక్షుల కచ్చితమైన చోటు బయటికి చూపదు. చూపించిన మనిషికి సరైన కూలి ఇవ్వండి. అతను ఒప్పుకుంటే ఫోటో కింద అతని పేరు కూడా రాయండి.

మనకు మనం చెప్పుకోవాల్సింది ఇంకా ఎక్కువ. డబ్బులిస్తారని గూళ్లు చూపించే పని మనం చేయొద్దు. దారి చూపే కూలీలుగానే ఆగిపోవద్దు. మనలో చెంచు పిల్లలున్నారు, యానాది పిల్లలున్నారు, తండాల నుంచి వచ్చినవాళ్లున్నారు. కాలేజీకి వచ్చిన మొదటి తరం మనది. తీతువు ఎందుకరిచింది, కౌజు ఏ పొదలో గుడ్డు పెడుతుంది అని మన అవ్వతాతలకు తెలిసినంత మనకు తెలీదు. క్లాసులో ఈ సంగతులు చెప్పడానికి సిగ్గుపడతాం. ఈ చదువు మార్కుల్లో కనపడదు. కానీ వాళ్లతో పాటే పోతే మళ్లీ ఏ లైబ్రరీలోనూ దొరకదు.

లక్షల లెన్సు మన దగ్గర లేదు. అయినా సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు ఒక పెద్దమనిషి పక్కన కూర్చుని పది పిట్టల పేర్లు, వాటి అలవాట్లు ఫోన్లో రికార్డు చేసుకుని రాగలం. ఎవరు చెప్పారో వాళ్ల పేరు కూడా, వాళ్లనడిగి, రాద్దాం. అన్నీ కలిపితే మన జిల్లాల పక్షుల పుస్తకం మన మాటల్లోనే తయారౌతుంది. రేపు ఎవరైనా గైడ్ పనికి పోయినా, బాటనీ, జువాలజీ చదివి పరిశోధనకు పోయినా, అది చేతిలో ఉంటుంది.

మీ ఊర్లో ఏ పిట్టను ఏమంటారో కింద రాయండి. అక్కడినుంచే మొదలుపెడదాం.