బుల్లితెర పొరుగువారు

సాయంకాలమయ్యేసరికి మన ఇళ్లలో అధిక భాగం టీవీ ధారావాహికల వశమవుతాయి. పండితులు వీటిని సాహిత్యంగా లెక్కించరు. ఇంగ్లీషులో వీటికి ‘సోప్ ఆపెరా’ అన్న పేరు వచ్చిన తీరు కూడా గౌరవప్రదమైనది కాదు. 1930 దశకంలో అమెరికా రేడియోలో ఇటువంటి కథలను సబ్బుల కంపెనీలు తమ సరుకు అమ్ముకోవడానికి పోషించాయి; ఆ పేరే నిలిచిపోయింది. అయినా నవలకూ సినిమాకూ లేని శక్తి ఒకటి వీటికి ఉన్నది. సినిమా రెండున్నర గంటల అతిథి. ధారావాహిక ఏళ్ల తరబడి పొరుగిల్లు. అందుచేత సమాజం గుమ్మం బయట నిలబెట్టిన మనుషులు ఈ పొరుగింట్లోకి ఏ విధంగా వస్తున్నారన్నది చిన్న ప్రశ్న కాదు. ఆటిజం గలవారిని, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను దృష్టిలో ఉంచుకొని ఈ ప్రశ్నను పరిశీలించదలచాము.

ఇంగ్లండులో 1960 నుండి సాగుతున్న ‘కారొనేషన్ స్ట్రీట్’ అనే ధారావాహిక ఇందుకు మంచి ఉదాహరణ. అందులో రాయ్ క్రాపర్ అనే వ్యక్తి చిన్న కాఫీ హోటలు నడుపుతాడు. రైళ్లంటే అతనికి ప్రాణం. మాట పొల్లు పోకుండా, అక్షరం తూచినట్లు మాట్లాడుతాడు. ఎదుటివారి హాస్యం అతనికి ఒక పట్టాన బోధపడదు. ఆటిజం గలవాడని కథలో ముద్ర వేయకపోయినా, చూచేవారిలో అనేకులు అతనిని ఆ విధంగానే గుర్తించారు. 1998లో అతని జీవితంలోకి హేలీ అనే ట్రాన్స్ మహిళ వచ్చింది. సంగతి తెలిసి మొదట రాయ్ తడబడ్డాడు, తరువాత తెలుసుకున్నాడు, చివరకు ఆమెతో కాపురం పెట్టాడు. 1999లో వారి పెళ్లికి చట్టం ఒప్పుకోలేదు. 2004లో బ్రిటను చట్టం మారింది. 2010లో ఆ దంపతులు చట్టసమ్మతంగా వివాహమాడారు. 2014లో హేలీ కన్నుమూసినప్పుడు, పదహారేళ్లుగా ఎరిగిన పొరుగింటి ఆడపడుచు పోయినట్లే ప్రేక్షకులు దుఃఖించారు.

ఇందులో గమనించదగినది ఏమనగా, హేలీ రహస్యం మొదటి సంవత్సరంలోనే బయటపడింది. మిగిలిన పదిహేనేళ్లూ ఆమె ఉద్యోగం చేసింది, ఇరుగుపొరుగులతో తగవులాడింది, భర్తకు తోడుగా నిలిచింది. రహస్యం బయటపడిన మరునాడు కూడా ఆ మనిషికి కథలో బతుకు ఉన్నదా? ఒక పాత్ర మంచిచెడులను కొలవడానికి మా దృష్టిలో ఇదే గీటురాయి.

అయితే హేలీ వేషం వేసిన జూలీ హెస్మండల్ ట్రాన్స్ మహిళ కాదు. ఆ పాత్రను తీర్చిదిద్దే వేళ సలహాలిచ్చినవారిలో ఆనీ వాలెస్ అనే ట్రాన్స్ మహిళ ఒకరు. ఆమె స్వయంగా మరొక ధారావాహిక ‘హాలీ ఓక్స్’లో ట్రాన్స్ మహిళ పాత్రతో తెర మీదికి వచ్చేసరికి 2015 అయింది. తెర వెనుక నుండి తెర ముందుకు రావడానికి పదిహేడేళ్లు పట్టిందన్న మాట! అదే ధారావాహికలో 2018లో ఆటిజం గల బ్రూక్ పాత్రను, ఆటిజం గల టైలాన్ గ్రాంట్ ధరించడం మరొక ముందడుగు.

ఇక మన దేశానికి వద్దాము. 2009లో జీ టీవీ ‘ఆప్ కీ అంతరా’లో ఆటిజం గల ఒక చిన్నారిని కథకు కేంద్రం చేసింది. ఆ మాటే వినని ఎన్నో ఇళ్లకు ఆ పేరు చేరింది; అది మేలే. 2016 నుండి 2021 వరకు కలర్స్ ఛానెల్‌లో సాగిన ‘శక్తి’ ధారావాహికలో సౌమ్య అనే కథానాయిక తాను కిన్నరునని పెళ్లి తరువాత తెలుసుకుంటుంది. ఆ పాత్రను రుబీనా దిలైక్ ధరించింది. ఉర్దూ నాటకాలు చూచే మన విద్యార్థులకు పాకిస్తానీ నటుడు ఇమ్రాన్ అష్రఫ్ తెలిసే ఉంటాడు. ‘అలిఫ్ అల్లాహ్ ఔర్ ఇన్సాన్’లో ఖ్వాజాసరా షమ్మోగా, ‘రాంఝా రాంఝా కర్దీ’లో మానసిక వైకల్యం గల భోలాగా మెప్పించినవాడు అతడే. అతని ప్రతిభకు మేమూ చేతులెత్తుతాము. కాని ప్రశంస అంతా నటుడికే దక్కినప్పుడు, ఆ బతుకు బతుకుతున్నవారికి దక్కినదేమిటని అడగక తప్పదు.

నటన అంటేనే పరకాయ ప్రవేశం కదా, రాజు వేషం రాజే వేయాలా అని కొందరు వాదిస్తారు. వాదన బాగానే ఉన్నది. అయితే రాజుకు ఏ తలుపూ మూయలేదు. తమ వేషానికే పిలుపు రానివారిని డాక్టరు వేషానికో, అత్తగారి వేషానికో పిలుస్తారా? అన్ని వేషాలకూ అందరినీ పిలిచే రోజు వచ్చినప్పుడు ఆ వాదనను మేమూ అంగీకరిస్తాము.

చట్టాలు మారాయి గదా అనవచ్చు. 1919లో పూర్వపు హైదరాబాదు రాజ్యంలో చేసిన చట్టం ప్రకారం, ఆడ దుస్తులతో బజారులో కనిపించిన హిజ్రాను వారంటు లేకుండానే అరెస్టు చేయవచ్చును. తెలంగాణ హైకోర్టు దానిని 2023లో కొట్టివేసింది. అంతకు ముందే, 2014లో, సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కులను గుర్తించింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆటిజంను తన జాబితాలో చేర్చింది. కాని కోర్టు చట్టాన్ని కొట్టివేయగలదేగాని మన నవ్వును కొట్టివేయలేదు. ఆ నవ్వు మనం చూచే తెర నుండి నేర్చుకున్నదే.

తెర చేసిన తప్పు మన వేదిక మీద కూడా జరుగుతూ ఉంటుంది. కళాశాల వార్షికోత్సవ నాటికలలో చప్పట్లు చరిచే హిజ్రా వేషం, నత్తినత్తిగా మాట్లాడే ‘పిచ్చివాని’ వేషం కడితే ఈలలు ఖాయమని విద్యార్థులకు తెలుసు. ఆ ఈలల మధ్య, తన సంగతి ఎవరికీ చెప్పుకోలేక తలవంచుకొని కూర్చున్న విద్యార్థి ఒకరు ఉండవచ్చును. ఆటిజం గల తమ్ముడిని ఇంట్లో వదలి వచ్చిన అక్క ఉండవచ్చును. వారికి ఆ రోజు పండుగ కాదు.

అల్పసంఖ్యాకుల కోసం వెలసిన విద్యాలయం మనది. తెర మీద మనవాడు ఎప్పుడూ దొంగగానో, మొరటువాడుగానో కనబడితే మనసు ఎలా చివుక్కుమంటుందో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. ఆ నొప్పి ఎరిగినవారు మరొకరికి ఆ నొప్పి కలిగించరాదు. కనుక రాబోయే వార్షికోత్సవంలో ఈ వేషాలను నవ్వుల కోసం కట్టించరాదని పాలకవర్గం వారు నిర్ణయించాలని మా విన్నపం. విద్యార్థి మిత్రులకు మా కోరిక ఇంకొకటి. అటువంటి పాత్రను వ్రాయదలచితే మానవద్దు, వ్రాయండి. ఆ బతుకు ఎరిగినవారిని ముందుగా అడిగి వ్రాయండి. ఆ పాత్రకు ఒక ఉద్యోగం, ఒక ఇష్టం, ఒక స్నేహం ఇవ్వండి. చూచినవారు నవ్వితే, ఆ పాత్రతో కలిసి నవ్వాలి.