బస్సు టికెట్టు మిగిలింది సరే.. కాశీబుగ్గలో పని మిగులుతుందా?

తెల్లారేసరికి కాశీబుగ్గ బస్టాండులో సందడి మొదలైపోతుంది. జీడి ఫ్యాక్టరీల్లో పిక్కలు కొట్టడానికి, పప్పు వలవడానికి, గ్రేడింగు చేయడానికి చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆడవాళ్లు దిగుతారు. 2025 ఆగస్టు 15న 'స్త్రీ శక్తి' పథకం మొదలైనప్పటి నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో వాళ్లకు టికెట్ ఖర్చు లేదు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ ఇస్తాడు. రోజూ పనికి వచ్చే మనిషికి ఇది చిన్న సాయం కాదు.

ఇదే ప్రాంతంలో ఇప్పుడు పెద్ద పెద్ద పనుల మాట కూడా నడుస్తోంది. సంతబొమ్మాళి మండలంలో మూలపేట పోర్టు కడుతున్నారు. మందస, వజ్రపుకొత్తూరు మండలాల వైపు విమానాశ్రయం ప్రతిపాదన ఉంది. విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే జోన్ వస్తోంది. ఖుర్దా రోడ్ - విజయనగరం మధ్య మూడో రైలు లైనుకు కేంద్ర మంత్రివర్గం 2023 ఆగస్టులో ఆమోదం తెలిపింది. వీటన్నిటితో ఉద్దానం దశ తిరుగుతుందని నాయకులు అంటున్నారు. ఊళ్లో మాత్రం అందరి మాట ఒకటి కాదు. ఫ్యాక్టరీ యజమాని, తోట రైతు, పప్పు వలిచే కూలి, ఆటో నడిపే కుర్రాడు.. ఒకే ఖర్చును నలుగురూ నాలుగు రకాలుగా చూస్తున్నారు. వాళ్ల మాటల వెనుక ఉన్న లెక్క ఏంటో చూడాలి.

ఒకే ఇంట్లో లాభం, నష్టం

ముందు బస్సు సంగతి. ఒక కూలి తల్లికి రానూపోనూ రోజుకు 40 రూపాయలు ఖర్చయ్యేదనుకుందాం. నెలలో 25 రోజులు పని దొరికితే వెయ్యి రూపాయలు మిగిలినట్టే. అంటే ఏడాదికి 12 వేలు. పిల్లల ఫీజుకో, ఇంటి అద్దెకో ఆసరా అయ్యే డబ్బు. కానీ ఫ్యాక్టరీలో సరుకు లేక 15 రోజులే పని ఉంటే మిగిలేది 600 మాత్రమే. పైగా మిగతా పది రోజుల కూలి కూడా పోతుంది. బస్సు ఫ్రీ అయినా పని లేని రోజున ఆ బస్సు ఎక్కే అవసరమే రాదు. ఈ మొత్తం చర్చకు మూలం ఇక్కడే ఉంది.

రెండో వైపు ఆటో వాళ్లు. పలాస, టెక్కలి, మందస, సోంపేట రోడ్ల మీద షేర్ ఆటోలే చాలా ఇళ్లకు రోజీరోటీ. మన కుటుంబాల్లో కూడా ఆటో నడిపేవాళ్లు, మెకానిక్ షెడ్డు పెట్టుకున్నవాళ్లు ఉన్నారు. ఆడ ప్యాసింజర్లు బస్సుకు మారితే ఆటోకు గిరాకీ తగ్గుతుంది. ఈ బాధ గుర్తించే ప్రభుత్వం 2025 అక్టోబర్ 4న 'ఆటో డ్రైవర్ సేవలో' పేరుతో అర్హులైన డ్రైవర్లకు ఏడాదికి 15 వేల చొప్పున ఇవ్వడం మొదలుపెట్టింది. రోజుకు లెక్కేస్తే అది 41 రూపాయలు. రోజుకు రెండు మూడు సీట్లు పోయిన డ్రైవర్‌కు ఇది సరిపోవచ్చు. పది సీట్లు పోయినవాడికి సరిపోదు. భార్య బస్సులో మిగిల్చిన డబ్బు భర్త ఆటోలో పోగొట్టుకుంటే ఇంటి జమాఖర్చులో మార్పేమీ ఉండదు.

మరో చిక్కు కూడా ఉంది. పథకం రాష్ట్రం లోపల తిరిగే బస్సులకే. ఒడిశా సరిహద్దు పక్కనే ఉన్న ఈ ప్రాంతం నుంచి పర్లాకిమిడి, బరంపురం వైపు నడిచే అంతర్రాష్ట్ర సర్వీసుల్లో ఆడవాళ్లు టికెట్ కొనాల్సిందే. తీరం వెంబడి లోపలి పల్లెల్లో అసలు బస్సే తక్కువ. రోజుకు రెండు ట్రిప్పులు తిరిగే ఊరికి ఉచిత ప్రయాణం కంటే మూడో ట్రిప్పు ఎక్కువ ఉపయోగం. సాయంత్రం ఫ్యాక్టరీ వదిలాక బస్సు దొరక్కపోతే ఆ ఆడమనిషి మళ్లీ ఆటోకే డబ్బులు పెట్టాలి.

కిడ్నీ రోగుల పరిస్థితి కూడా ఇందులో భాగమే. పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబర్ 14న మొదలైంది. అదే రోజు హిరమండలం నుంచి ఉద్దానానికి నీళ్లు తెచ్చే 700 కోట్ల పథకాన్ని కూడా ప్రారంభించారు. విశాఖ దాకా పోవాల్సిన అవస్థ చాలామందికి తగ్గింది. కానీ డయాలసిస్ అంటే వారానికి రెండు మూడు సార్లు రావాలి. మగ రోగికి బస్సు ఉచితం కాదు. నీరసపడిన మనిషి బస్సులో నిలబడి రాలేడు కాబట్టి ఆటోనే మాట్లాడుకోవాలి. నెలకు 10 వేల డయాలసిస్ పింఛను వస్తున్నా అందులో కొంత ఈ దారి ఖర్చుకే పోతుంది. రవాణా మీద ఖర్చు అంటే పోర్టు, విమానాశ్రయమే కాదు, ఈ మనిషిని ఆసుపత్రికి చేర్చడం కూడా.

పోర్టు వస్తే జీడి బతుకుతుందా?

మూలపేట పోర్టుకు 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. అంతకుముందు దీన్ని భావనపాడు పోర్టు అనేవారు. మొదటి దశలో 4 బెర్తులు, ఏటా 23.5 మిలియన్ టన్నుల సరుకు దించే సామర్థ్యం లక్ష్యం. నౌపడ జంక్షన్ దగ్గరే, జాతీయ రహదారి 16 కూడా దగ్గరే. టెక్కలి గ్రానైట్‌కు ఇది మంచి కబురు. బరువు ఎక్కువ, కిలోకు విలువ తక్కువ ఉన్న సరుకు అది. రాయి లాంటి సరుకుకు ప్రతి కిలోమీటరూ లెక్కే.

జీడి సంగతి వేరు. ఇక్కడ పండే పిక్కలు ఫ్యాక్టరీలకు ఏడాదంతా చాలవు. అందుకే ఆఫ్రికా దేశాల నుంచి పిక్కలు ఓడల్లో విశాఖకు వస్తాయి. అక్కడి నుంచి లారీల మీద దాదాపు 200 కిలోమీటర్లు ప్రయాణించి పలాస చేరతాయి. పక్కనే పోర్టు ఉంటే ఈ ఖర్చు తగ్గుతుందని వ్యాపారుల ఆశ. నిజమే, తగ్గుతుంది. ఎంత తగ్గుతుందన్నదే ప్రశ్న.

ఒక లెక్క వేసి చూద్దాం. ఇవి సులువుగా అర్థం కావడానికి అనుకున్న అంకెలు. లారీలో 80 కిలోల బస్తాలు 200, కిరాయి 24 వేలు అనుకుంటే బస్తాకు 120 రూపాయలు పడుతుంది. దగ్గర పోర్టు వల్ల అందులో 80 రూపాయలు మిగులుతాయనుకుందాం. ఒక బస్తా పిక్కలు కొడితే వచ్చే పప్పు సుమారు 20 కిలోలు. అంటే కిలో పప్పు మీద మిగిలేది 4 రూపాయలు.

ఇప్పుడు రెండో ఖర్చు. బస్తా 12 వేలకు కొని, 12 శాతం వడ్డీకి తెచ్చిన డబ్బుతో ఆరు నెలలు గోదాములో ఉంచితే వడ్డీ 720 రూపాయలు. అంటే కిలో పప్పు మీద 36 రూపాయలు. ఆ వడ్డీ ఒకటిన్నర శాతం తగ్గినా బస్తాకు 90 రూపాయలు మిగులుతాయి. పోర్టు మిగిల్చేదాని కంటే అది ఎక్కువ. చిన్న యూనిట్ వాళ్లకు బ్యాంకు అప్పు సులువుగా దొరక్క బయట ఎక్కువ వడ్డీకి తెచ్చుకుంటే ఈ తేడా ఇంకా పెరుగుతుంది.

పైగా 80 రూపాయలు మిగలాలన్నా ఒక షరతు ఉంది. పిక్కలు తెచ్చే ఓడలు మూలపేటకే రావాలి. బొగ్గు, ఇనుప ఖనిజం లాంటి సరుకు ఓడ నిండా ఒకే కంపెనీది ఉంటుంది. చిన్న వ్యాపారి తెప్పించేది కొన్ని కంటైనర్లు. వాటికి టైం ప్రకారం తిరిగే కంటైనర్ ఓడలు కావాలి. ఆ సౌకర్యం విశాఖలో ఇప్పటికే ఉంది. మూలపేటలో కూడా అది రాకపోతే పోర్టు పక్కనే ఉన్నా పిక్కలు విశాఖ నుంచే రావాలి.

కేరళలోని కొల్లం ఇందుకు మంచి ఉదాహరణ. జీడిపప్పుకు ఒకప్పుడు దేశంలోనే పెద్ద పేరున్న ఊరు. రైలు ఉంది, హైవే ఉంది, సముద్రం పక్కనే ఉంది. అయినా గత పదిహేనేళ్లలో అక్కడ వందల ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. పిక్కల ధర, బ్యాంకు అప్పుల భారం, యంత్రాలతో పప్పు తీసే వియత్నాం పోటీ.. ఇవన్నీ కలిసి దెబ్బ కొట్టాయి. రోడ్డు లేక ఆ ఫ్యాక్టరీలు మూతపడలేదు. పలాస ఈ పాఠం మర్చిపోకూడదు.

ఇక రైతు మాట దీనికి ఎదురుగా ఉంటుంది. 80 కిలోల బస్తాకు 16 వేల మద్దతు ధర కావాలని ఉద్దానం జీడి రైతులు ఆందోళనలు చేశారు. విదేశీ పిక్కలు ఇంకా చవగ్గా దిగితే తమ పిక్కలు ఎవరు కొంటారన్నది వాళ్ల భయం. ఫ్యాక్టరీకి చౌక సరుకు కావాలి, రైతుకు ధర కావాలి. పోర్టు ఈ తగువు తీర్చదు. ధర ఎవరు నిర్ణయిస్తారు, ప్రభుత్వం కొంటుందా లేదా అన్నదే తీర్చాలి.

తోట మీద రన్‌వే

విమానాశ్రయం విషయంలో గొడవ ఇంకా గట్టిగా ఉంది. శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు 2024 జూన్ నుంచి కేంద్ర పౌర విమానయాన మంత్రి. జిల్లాకు ఇలాంటి అవకాశం మళ్లీ రాదని సమర్థించేవాళ్లు అంటారు. గల్ఫ్‌కు, అండమాన్‌కు, ముంబైకి వలస వెళ్లే కుటుంబాలకు ఇంటి దగ్గర విమానం దిగితే ఎవరికి చేదు? సుమారు 1,400 ఎకరాలు కావాలన్న మాట బయటికి రాగానే తోటల రైతులు మాత్రం వద్దంటే వద్దని రోడ్డెక్కారు.

వాళ్ల కోపానికి కారణం ఉంది. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను ఈ తీరం మీదే విరుచుకుపడింది. కొబ్బరి, జీడి, పనస తోటలు ఒక్క రాత్రిలో నేలకూలాయి. కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. అప్పుడు అప్పు చేసి మళ్లీ నాటిన తోటలు ఇప్పుడిప్పుడే చేతికి వస్తున్నాయి. సరిగ్గా ఈ టైంలో భూమి అడిగితే ఎకరం మార్కెట్ ధర ఇస్తామంటే సరిపోదు. ఆ చెట్టు ఇంకో ముప్పై ఏళ్లు ఇచ్చే రాబడి లెక్క కట్టాలి. ఆ తోటలో పని చేసే, సెంటు భూమి కూడా లేని కూలీకి ఏమిస్తారో కూడా చెప్పాలి. పరిహారం భూమి ఉన్నవాడికే వస్తుంది, పని పోయేది మాత్రం ఇద్దరికీ.

సరుకు రవాణా విమానాల వల్ల పంటకు లాభం అనే మాటను కూడా నిలిపి చూడాలి. జీడిపప్పు నెలల తరబడి నిలవ ఉంటుంది, దానికి విమానం అక్కర్లేదు. పనసకాయలు లారీల్లో ఉత్తరాదికి వెళ్లిపోతాయి. విమానం కిరాయి భరించగలిగేది త్వరగా పాడయ్యే, కిలోకు ఎక్కువ ధర పలికే సరుకు. అలాంటి సరుకు ఇక్కడ ఎంత ఉందో ముందు లెక్క చూపించాలి. ప్రయాణికుల కోసమైతే భోగాపురం విమానాశ్రయం శ్రీకాకుళం దాటగానే ఉంది.

ఈ జిల్లాకు పాత గాయాలు కూడా ఉన్నాయి. థర్మల్ ప్లాంట్ల భూముల గొడవలో 2010 జూలై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. అందుకే ఇక్కడ సర్వే వాళ్లు వచ్చారంటే చాలు, జనం గుమిగూడతారు. గ్రామసభలో కాగితాలు తెలుగులో పెట్టి, ఎవరి సర్వే నంబరు పోతుందో ముందే చెప్పి మాట్లాడితేనే నమ్మకం వస్తుంది.

రైలు చెప్పే పాఠం

నౌపడ నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు 1900లోనే నడిచింది. బ్రాడ్‌గేజ్ పనుల కోసం 2004లో ఆపితే గుణుపురం దాకా మళ్లీ నడిచింది 2011లో. ఏడేళ్లు. పెద్ద పనికి ఒప్పుకునేటప్పుడు ఈ మధ్య కాలంలో జనం ఎలా తిరుగుతారన్న ప్రశ్న కూడా వేసుకోవాలి.

కొత్త జోన్ విషయంలో ఇంకో అసంతృప్తి. 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన సరిహద్దుల్లో పలాస - విశాఖ - దువ్వాడ లైను విశాఖ డివిజన్‌కు వచ్చింది. పలాస నుంచి ఇచ్ఛాపురం వైపు లైను ఒడిశాలోని ఖుర్దా రోడ్ డివిజన్ కిందే ఉంది. దాన్ని కూడా కలపాలన్నది ఇక్కడి డిమాండ్. సామాన్యుడికి జోన్ పేరు కంటే ఏ రైలు ఆగుతుంది, ఉదయం విశాఖ వెళ్లి రాత్రికి తిరిగి రావచ్చా అన్నదే ముఖ్యం.

ఏది ముందు?

పోర్టు వద్దనడం ఎవరి ఉద్దేశం కాదు. వేరావల్ దాకా వలస పోయే మత్స్యకారుల పిల్లలకు ఇంటి దగ్గర పని దొరికితే అంతకన్నా కావాల్సిందేముంది. కానీ పోర్టులో కూడా ఉద్యోగాలు వాటంతట అవి రావు. క్రేన్ ఆపరేటర్, వెల్డర్, ఎలక్ట్రీషియన్, కస్టమ్స్ క్లియరింగ్, గోదాము లెక్కలు.. ఈ పనులు తెలిసినవాళ్లు ఓడ వచ్చేనాటికి పలాస, టెక్కలిలో తయారై ఉండాలి. లేకపోతే వాళ్లు బయటి నుంచి వస్తారు, మనవాళ్లకు గేటు దగ్గర కాపలా పని మిగులుతుంది. ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలున్న తల్లిదండ్రులు ఈ కోర్సుల గురించి ఇప్పుడే ఆరా తీయడం మంచిది.

వేల కోట్ల పనులతో పాటు చిన్న పనుల జాబితా కూడా ఉంది. ఫ్యాక్టరీ షిఫ్టుల టైంకు పల్లె బస్సులు, డయాలసిస్ రోగులకు వాహనం, చిన్న జీడి యూనిట్లకు తక్కువ వడ్డీ అప్పు, రైతు పిక్కలు నిలవ చేసుకునేందుకు గోదాము. వీటికి శంకుస్థాపన ఫొటోలు పెద్దగా ఉండవు, ఖర్చు కూడా పెద్దది కాదు. కానీ పప్పు వలిచే ఆడమనిషికి నెలలో 15 రోజులు కాకుండా 25 రోజులు పని దొరికేది వీటివల్లే.

నాయకులు మళ్లీ ఊరికి వచ్చినప్పుడు ఎన్ని కోట్లు తెచ్చారని అడగడం అలవాటే. ఈసారి ఇంకో ప్రశ్న కూడా అడగాలి. ఈ ఖర్చు వల్ల కాశీబుగ్గలో పని రోజులు ఎన్ని పెరుగుతాయి?