‘విల్’ అనేముందు ఒక్క క్షణం

‘ఈ ఏరియాలో స్థలాల రేట్లు రెట్టింపవుతాయి’ అని ఒకాయన అన్నాడు. ‘రెట్టింపవుతాయట’ అని ఇంకొకాయన అన్నాడు. తేడా ఒక్క ‘ట’. కానీ మొదటి మాటకు పూచీ చెప్పినాయనదే. రెండోదానికి ఆయన పూచీ లేదు, విన్నది చెప్పాడంతే. ఇంగ్లిష్‌లో ఈ ‘ట’ చేసే పనిని కొంతవరకు ‘ఈజ్ ప్రొజెక్టెడ్ టు’ చేస్తుంది.

ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ రాసేవాళ్లకు ఇది బాగా అవసరం. రైటింగ్‌లో మొదటి ప్రశ్నకు గ్రాఫో, పట్టికో ఇస్తారు. 20 నిమిషాల్లో కనీసం 150 పదాలు రాయాలి. కొన్ని గ్రాఫుల్లో గీత రాబోయే సంవత్సరాల్లోకి కూడా వెళ్తుంది. అక్కడ మనవాళ్లు వరసగా ‘విల్ ఇంక్రీజ్, విల్ డిక్రీజ్’ అని రాసేస్తారు. వ్యాకరణం తప్పు కాదు. కానీ గ్రాఫ్ చెప్పింది అంచనా, మీరు రాసింది జోస్యం!

ఒక నిజమైన లెక్క తీసుకుందాం. ఐక్యరాజ్యసమితి 2024 అంచనాల ప్రకారం ప్రపంచ జనాభా 820 కోట్ల నుంచి 2080ల మధ్య నాటికి సుమారు 1,030 కోట్లకు చేరి, తర్వాత కొద్దిగా తగ్గుతుంది. దీన్ని రాయబోతే ఎక్కడెక్కడ కాలు జారుతుందో చూడండి.

ఒకటి: ‘ది పాప్యులేషన్ ఈజ్ ఎక్స్‌పెక్టింగ్ టు రైజ్’ అని రాస్తే, జనాభాయే కూర్చుని పెరుగుదల కోసం ఎదురుచూస్తోందని అర్థం. అంచనా వేసేది నిపుణులు కదా! అందుకే ‘ఈజ్ ఎక్స్‌పెక్టెడ్ టు రైజ్’. ‘టు’ తర్వాత ‘రైజింగ్’ రాదు, ఉత్త ‘రైజ్’ చాలు.

రెండు: ‘రైజ్ టు’ అంటే అంతకు చేరడం. ‘రైజ్ బై’ అంటే అంత మేర పెరగడం. పై లెక్కలో ‘రైజ్ టు 10.3 బిలియన్’ సరైనది, ‘రైజ్ బై 2.1 బిలియన్’ కూడా సరైనదే. ‘రైజ్ బై 10.3 బిలియన్’ అంటే మాత్రం జనాభా 1,850 కోట్లకు చేరినట్టే!

మూడు: సంవత్సరం ముందు ‘ఇన్’ వస్తే మన ‘లో’, ‘బై’ వస్తే మన ‘నాటికి’. ‘ఇన్ 2050’ అంటే ఆ ఏడాదిలో. ‘బై 2050’ అంటే ఆ ఏడాది వచ్చేసరికి. తెలుగులో ఎప్పుడూ తడబడం కదా, ఇక్కడా అదే గుర్తుపెట్టుకోండి.

నాలుగు: అంచనా వేసిన కాలం గడిచిపోతే? 2010లో వేసిన గ్రాఫ్ 2020 వరకు చూపిస్తే, ‘ఈజ్’ కాస్తా ‘వాజ్ ప్రొజెక్టెడ్ టు’ అవుతుంది. పెరుగుతుందని అప్పట్లో అనుకున్నారు, అంతే. నిజంగా పెరిగిందో లేదో ఆ మాట చెప్పదు.

మరి ‘విల్’ అసలు వాడకూడదా? వాడొచ్చు. ‘ఇట్ ఈజ్ ప్రొజెక్టెడ్ దట్’ అని మొదలుపెడితే, ఆ తర్వాత ‘ది పాప్యులేషన్ విల్ రైజ్’ అని నిశ్చింతగా రాయండి. అంచనా అని ముందే చెప్పేశారు కాబట్టి పేచీ లేదు.

పరీక్ష అయిపోయినా ఈ తేడా మిమ్మల్ని వదలదు. ఆఫీసు మెయిల్‌లో ‘ది వర్క్ విల్ బి కంప్లీటెడ్ బై ఫ్రైడే’ అని రాస్తే అవతలివాళ్లు దాన్ని మాట ఇచ్చినట్టే తీసుకుంటారు. శుక్రవారం సాయంత్రం ఫోన్ వస్తుంది. ‘ఈజ్ ఎక్స్‌పెక్టెడ్ టు బి కంప్లీటెడ్’ అంటే అది అంచనా. పని కచ్చితంగా అయ్యేదైతే ‘విల్’ అనండి. కాకపోతే ముందే అంచనా అని చెప్పండి, ఇద్దరికీ మంచిది.