కారు ముందటి అద్దము: కంపెనీ సరకా, బయటి సరకా?

హైదరాబాదునుండి బెజవాడకు పోవు 65వ నంబరు జాతీయ రహదారిపై కారు నడపువారికి కంకర లారీల సంగతి వేరుగ చెప్పవలసిన పనిలేదు. ముందు పోవుచున్న లారీ చక్రము క్రిందినుండి గులకరాయి యొకటి యెగిరి తగిలినంతనే అద్దముపై సాలెగూటివంటి పగులు కనబడును. మరునాడు కారును కంపెనీవారి వర్క్‌షాపునకు తోలుకొనిపోగా, "అసలు అద్దమే వేయవలెను, బయటి అద్దమును నమ్మరాదు" అని అచటి గుమాస్తా గంభీరముగా సెలవిచ్చును. నాలుగు వీధుల ఆవల అద్దముల దుకాణమువాడు, "అదియు నిదియు నొక్కటే, సగము ధరకు బిగించెదను" అనును. ఈ యిరువురిలో నెవరి మాట నిజమో విచారింపవలసియున్నది. ఇది కలవారి గోల యని కొందరు కొట్టివేయవచ్చును. కాని టాక్సీ నడిపి కుటుంబమును పోషించుకొనువానికి ఈ బేరము చిన్నది కాదు.

కారు కంపెనీలు సాధారణముగా అద్దములను తాము చేయవు, కొని తెచ్చుకొనును. మన దేశమున తిరుగు కార్ల అద్దములలో పెక్కింటిని అసాహీ ఇండియా, సెయింట్ గోబెన్ అను రెండు సంస్థలు చేయుచున్నవి. మొదటిది 1984లో మారుతీ కంపెనీయు, జపానుదేశపు అసాహీ గ్లాసు కంపెనీయు భాగస్వాములుగా ఏర్పడినది. రెండవది 1665లో, పదునాల్గవ లూయీ రాజ్యకాలమున, ఫ్రాన్సులో పుట్టిన సంస్థ. చెన్నపట్టణమునకు చేరువనున్న శ్రీపెరుంబుదూరులో దానికి గాజు కొలుములు గలవు. కార్ల కంపెనీలకు అద్దములను సరఫరాచేయు సంస్థలే తమ సొంత పేరుతో బజారులోను అమ్ముచుండును. పాఠకులు తమ కారు అద్దపు క్రిందిమూలను ఒకసారి వంగి చూతురుగాక. పెక్కు కార్లలో కంపెనీ చిహ్నమునకు చేరువనే, అద్దమును నిజముగా చేసినవాని పేరు చిన్న అక్షరములతో ముద్రింపబడియుండును. 'అసలు' అను మాటకు గుమాస్తా చెప్పు అర్థము ఒకటి, ఆ మూలనున్న అక్షరములు చెప్పు అర్థము వేరొకటి.

అట్లని రెండును అచ్చుగుద్దినట్లుండునని మేమనము. ఒకే కర్మాగారమునుండి వచ్చినను కారు కంపెనీ కోరిన కొలతలు, పొరలు వేరుగానుండవచ్చును. కాని పెట్టెపై ముద్ర మారినంత మాత్రమున లోని సరకు నాసిరకమని బెదరించుట వర్తకమే గాని సత్యము కాదు.

ఈ బెదరింపు వెనుక నొక చరిత్ర గలదు. 2011లో ఒక వినియోగదారుడు కాంపిటీషన్ కమిషనుకు ఫిర్యాదు చేసెను. విడిభాగములను చేయు సంస్థలు వానిని బయటి అంగళ్ళకు నేరుగా అమ్మకుండ కార్ల కంపెనీలు ఒడంబడికలతో కట్టివేయుచున్నవనియు, బయటి మెకానికులకు పనిముట్లు, పుస్తకములు అందనీయకున్నవనియు అందలి ఆరోపణ. విచారణానంతరము 2014 ఆగస్టు 25వ తేదీన కమిషను 14 కంపెనీలను దోషులుగా నిర్ణయించి, మొత్తము 2,544 కోట్ల రూపాయలకు మించిన జరిమానా విధించెను. కంపెనీలు అప్పీళ్ళకు పోయినవి. ఆ కథ పొడుగైనది. కారును కొన్నవాడు ఆ కారునకు ఎక్కడ మరమ్మతు చేయించుకొనవలెనో కంపెనీయే శాసించుట న్యాయమా యను ప్రశ్న మాత్రము ఆనాడు బహిరంగముగా అడుగబడినది. ఆ ప్రశ్నను మేము విడువము.

స్వదేశీయుద్యమము సాగుచున్న దినములలో, తలకొక పైసా చొప్పున పోగుచేసిన పైసా ఫండుతో, పూనాకు చేరువనున్న తళేగావ్‌లో 1908లో గాజు కర్మాగారము వెలసినది. దానికి తిలక్ మహాశయుని అండ యుండెను. విదేశపు గాజు వలదు, మన గాజు కొనుడని నాడు చెప్పిన మాటకు అర్థము స్పష్టము. నేడు కంపెనీ పెట్టెలోని అద్దము గాని, దుకాణపు గోడకానించిన అద్దము గాని, తరచుగ మన గడ్డమీదనే తయారగుచున్నది. నేటి తగవు దేశమునకు, విదేశమునకు నడుమ కాదు. కొనువానికి, అతనికి ఎన్నుకొను వీలులేకుండ చేయువానికి నడుమ.

అయినను చౌకయని దేనినైనను బిగించుకొనుడని మేము చెప్పము. ముందటి అద్దము కిటికీ అద్దమువంటిది కాదు. రెండు పలకల నడుమ పాలీవినైల్ బ్యూటిరాల్ అను మెత్తని పొర నుంచి వేడిచేసి అదిమినది. ఫ్రెంచి రసాయనజ్ఞుడు ఎడువార్ బెనెడిక్టస్, లోపల సెల్యులోజు నైట్రేటు పూత అంటియున్న సీసా క్రిందపడి పగిలియు ముక్కలు చెదరకుండుట చూచి, ఆ జాడపట్టి 1909లో ఇట్టి గాజునకు పేటెంటు పొందెను. రాయి తగిలినపుడు పగిలిన ముక్కలు కండ్లలో పడక ఆ పొరకే అంటుకొనియుండుటకు కారణమిదియే. 1989 నాటి కేంద్ర మోటారువాహన నియమములు ముందటి అద్దము ఇట్టి పొరల గాజే కావలెననియు, దానిగుండ వెలుతురు నూటికి 70 వంతులకు తగ్గక ప్రసరింపవలెననియు శాసించుచున్నవి. కావున ఐ.ఎస్.ఐ. ముద్రయు, ఐ.ఎస్. 2553 అను అంకెయు లేని అద్దమును ఉచితముగ నిచ్చినను తిరస్కరింపవలెను. ఆ ముద్రయు, ఎరిగిన సంస్థ పేరును ఉన్నచో సామాన్యమైన కారునకు బయటి అద్దమైనను భయములేదని మా అభిప్రాయము.

సామాన్యమైన కారునకు అని ఊరక అనలేదు. ఇటీవలి కార్లలో అద్దము వెనుక కెమెరా యుండి, ఎదుటి బండిని గుర్తించి బ్రేకు వేయించుచున్నది. కొన్నింటిలో వాన తగిలినదని తెలిసికొను యంత్రము, వేగమును అద్దముపైననే చూపు దీపము గలవు. ఇట్టివానికి కంపెనీ కొలతకు సరిపోవు అద్దమే కావలెను. దీపము గల కారునకు మామూలు అద్దము వేసినచో అంకెలు రెండేసిగా కనబడును. కెమెరాను తిరిగి సరిచూచి కుదుర్పని బిగింపు పని పూర్తియైనట్లు కాదు. ఇచట గుమాస్తా పక్షమే సరియైనది.

అద్దమునుగూర్చి ఇంత తగవులాడు వారు జిగురునుగూర్చి ఒక్కమాటయు అడుగకుండుట మాకు వింతగానున్నది. అద్దమును బండికి పట్టియుంచునది యూరిథేన్ జిగురు. కారు బోల్తాపడినపుడు పైకప్పు అణగకుండుటకు ఆ అద్దమును కొంత ఆధారము. ఎడమప్రక్క కూర్చున్నవారి గాలిసంచి పొంగి మొదట అద్దమునకే తగిలి వారివైపు మరలును. అద్దము ఊడిపోయినచో సంచి వలన ప్రయోజనమేమి? పాత జిగురును కోయునపుడు కత్తి తగిలి రంగు లేచిన చోట ప్రైమరు పూయనిచో తుప్పు పుట్టి క్రొత్త పట్టును తినివేయును. ఈ జిగురు గాలిలోని తేమతో గట్టిపడునది. కావున మచిలీపట్టణపు గాలిలో పట్టినంత త్వరగా అనంతపురపు పొడిగాలిలో పట్టకపోవచ్చును. కొన్ని జిగుళ్ళకు గంట చాలును, కొన్నింటికి దినమంతయు కావలెను. "అర్ధగంటలో బండి తీసికొనిపోవచ్చును" అని పలుకువాడు వర్క్‌షాపువాడైనను, దుకాణమువాడైనను, వాని మాట వినరాదు. మంచి పనివాడు బిగించిన బయటి అద్దము, తొందరవాడు అతికించిన కంపెనీ అద్దముకంటె మేలు.

ఇక భీమా మాట. విడిభాగముల తరుగుదల లెక్కలో గాజునకు తరుగు లేదు. ప్లాస్టిక్కు, రబ్బరు భాగములకు సగము కోసివేయు భీమావారు అద్దమునకు అట్లు కోయుటకు వీలులేదు. తప్పనిసరిగా మనము భరింపవలసిన మొత్తము వేరు. క్లెయిము చేసినచో మరుసటి యేడు నో క్లెయిము బోనసు పోవచ్చును గనుక, ఆ నష్టమును అద్దపు ధరతో పోల్చి చూచుకొనవలెను. నాణెమంత చిన్న దెబ్బ, నడపువాని చూపునకు అడ్డము రానిది, రెజినుతో పూడ్చుకొన వీలైనచో మార్చు పనియే లేదు. దీనిని మాత్రము ఏ పక్షమువాడును తనంత తాను చెప్పడు.

బిల్లుపై "అద్దము, ఒకటి" అని వ్రాయు ఆచారమును ప్రభుత్వము మాన్పింపవలెను. చేసిన సంస్థ పేరు, ముద్ర అంకె, వాడిన జిగురు, బండిని కదలింపక నిలుపవలసిన గంటలు, కెమెరా యున్నచో దానిని సరిచూచినట్లు సంతకము, ఇన్నియు బిల్లులో నుండవలెను. అంతవరకు పాఠకులు పాత అద్దమును ఊడదీయకముందే దాని మూలనున్న అక్షరములను ఫోటో తీసికొని, క్రొత్త అద్దపు మూలను దానితో సరిచూచిన పిమ్మటనే సొమ్ము చెల్లింపవలెనని కోరుచున్నాము.