ఆడబాప పేరేమిటి?

దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’, ‘మోదుగుపూలు’, ‘జనపదం’ నవలలను వరుసగా చదివితే 1948 పోలీసు చర్యకు ముందూ, ఆ తర్వాతా తెలంగాణ పల్లె బతుకు కళ్లకు కడుతుంది. అన్నిటికన్నా కంటతడి పెట్టించేది ఆడబాప వనజ గోస. దొరబిడ్డ పెండ్లిలో దాసీపిల్లను అరణంగా పంపిన గడీలు మన ప్రాంతానివే.

1946 జూలై 4న, అప్పటి నల్లగొండ జిల్లా కడవెండిలో ప్రాణమిచ్చిన దొడ్డి కొమురయ్య పేరు అందరికీ తెలుసు. తెలియవలసిందే. మరి మన ఊరి గడీలో నలిగిన ఆడబాప పేరు ఎందరికి తెలుసు? నవలలోనైనా ఆమెకొక పేరుంది. ఆ రోజులు చూసిన ముసలివాళ్లు ఏ ఊళ్లోనో ఒకరిద్దరు మిగిలారు. చదువుకున్న యువకులు వారి దగ్గర కూర్చుని అడగాలి. ఆ కుటుంబాల వారు ఒప్పుకుంటే ఆ పేర్లు రాసిపెట్టాలి. సిగ్గుపడవలసింది గడీయే గాని, ఆమె కాదు.