బేరం ఆడే హక్కు కూడా మనదే



దళితబంధు మీద చానా చర్చ నడిచింది. ఎవరికి వచ్చింది, ఎవరికి రాలేదు, నడుమ ఎవరు తిన్నరు. 2023 ఏప్రిల్‌లో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆరే తన పార్టీ సమావేశంలో వసూళ్ల గురించి ఎమ్మెల్యేలను హెచ్చరించిండు. కానీ కారు షోరూంలో ఏం జరిగిందో ఎవరూ మాట్లాడలే. ఇయ్యాల అదే మాట్లాడుకుందాం.

2021 ఆగస్టులో హుజూరాబాద్ నియోజకవర్గం శాలపల్లిలో పథకం మొదలైంది. కుటుంబానికి 10 లక్షలు, తిరిగి కట్టేది లేదు. తర్వాత నియోజకవర్గానికి 100 కుటుంబాల లెక్కన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి దాకా వచ్చింది. చానామంది కారో, ట్రాక్టరో, గూడ్స్ బండో కోరుకున్నరు. ఇన్నేండ్లు ఒకరి బండి తోలినోడు సొంత బండి అడుగుడు న్యాయమే.

బేరంలో కొనేటోడి బలం రెండే. పైసలు తన చేతిల ఉండాలె. ధర నచ్చకపోతే లేచిపోగలగాలె. పథకంలో ఈ రెండూ పోయినయి. కొటేషన్ తెస్తే అధికారులు మంజూరు చేసేటోళ్లు, పైసలు డీలర్‌కు పోయేవి. మన సంచిల ఎంతుందో డీలర్‌కు ముందే ఎరుక. ఇగ ధర ఎందుకు తగ్గిస్తడు?

ఒక తమ్మునికి తోడుగా నేనూ ఒక షోరూంకు పోయిన. డిస్కౌంట్ అడిగితే సేల్స్ ఆయన నవ్వి, "ఊరికే వచ్చిన పైసలే కదన్నా, బేరమెందుకు?" అన్నడు. పక్క టేబుల్ కాడ ఇంకొకాయన అరగంట బేరమాడి సీటు కవర్లు, మ్యాట్లు ఊరికే రాయించుకున్నడు. ఆయన అడిగితే తెలివి, మనం అడిగితే ఆశ!

అవి ఊరికే వచ్చిన పైసలు కావు. జనాభా లెక్కన బడ్జెట్‌లో మన వాటా మనకు రావాలని ఏండ్ల తరబడి కొట్లాడితే 2013లో సబ్‌ప్లాన్ చట్టం వచ్చింది. తెలంగాణలో 2017లో అది ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టమైంది. మన వాటాల ప్రతి రూపాయికీ లెక్క అడుగుడు మన హక్కు.

చదువుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు! మీ వాడల ఎవరు బండి కొన్నా వెంట పోండ్రి. ఆన్‌రోడ్ మొత్తం ఒక్క అంకెల చెప్తే ఒప్పుకోవద్దు, విడివిడిగా రాయించుండ్రి. ఇన్సూరెన్స్ షోరూంలనే తీసుకోవాలన్న రూలు లేదు, బయట అడిగి చూడుండ్రి. హ్యాండ్లింగ్ ఛార్జీ సర్కారు ఫీజు కాదు, కొట్టేయమనుండ్రి. యాక్సెసరీలు మీ ఇష్టం. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, ఆ తగ్గుదల బిల్లుల కనబడాలె. నెలాఖరుకు, డిసెంబర్‌కు అమ్మేటోనికి టార్గెట్ల తొందర ఉంటది, అది మనకు పనికొస్తది. మూడు షోరూంల కొటేషన్లు చేతిల పట్టుకొని మాట్లాడుండ్రి.

సర్కారును అడిగేది ఒక్కటే. 2023 ఎన్నికల ముందు కాంగ్రెస్ అంబేద్కర్ అభయహస్తం కింద 12 లక్షలన్నది. ఏ పేరుతో ఇచ్చినా డీలర్‌ను ఎంచుకునుడు, ధర మాట్లాడుకునుడు లబ్ధిదారు చేతిలనే ఉండాలె. బేరంల మిగిలిన పైసలు ఆ కుటుంబం ఖాతాలనే పడాలె. ఇరవై వేలు మిగిలినా బండికి డీజిలైతది, పిల్ల ఫీజైతది. షోరూం లాభం ఎందుకు కావాలె?