నవ్వే ముందు నడకను చూడండి!



ఆగస్టు 15 పరేడ్ కోసం మన గ్రౌండ్‌లో రోజూ ప్రాక్టీసు నడుస్తున్నది. మోకాళ్లు వంగకుండా నడవాలని సార్ చెప్తరు. పరేడ్‌కు అది నియమం, నేను కాదనను. కాని నల్లమల పెంటల నుంచి వచ్చిన తమ్ముళ్లు మోకాళ్లు కొంచెం వంచి నడిస్తే కొందరు పకపక నవ్వుతున్నరు. "వీనికి నడుసుడే రాదు" అంటున్నరు. ఈ మాట తప్పు అని నా అభిప్రాయం.

ఎందుకంటే, నడక ఉత్త కండ్లకు పూర్తిగా కనిపించదు. పూర్వం చిత్రకారులు ఉరికే గుర్రాన్ని కాళ్లు ముందుకూ వెనుకకూ చాపినట్టు గీసేవారు. అందరూ అదే నిజమనుకున్నరు. 1878లో అమెరికాలోని కాలిఫోర్నియాలో మైబ్రిడ్జ్ అనే ఫొటోగ్రాఫర్ 12 కెమెరాలు వరుసగా పెట్టి, గుర్రం దారికి అడ్డంగా దారాలు కట్టిండు. గుర్రం ఒక్కో దారానికి తగిలినప్పుడల్లా ఒక్కో ఫొటో పడ్డది. చూస్తే ఏమున్నది? నాలుగు కాళ్లూ గాలిలో ఉండేది చాపినప్పుడు కాదు, కడుపు కిందికి ముడిచినప్పుడు! అన్నేండ్లు చూసిన కండ్లే మోసపోయినయి.

1882లో ఫ్రాన్స్‌కు చెందిన మారే అనే శాస్త్రవేత్త తుపాకి వంటి కెమెరా చేసి సెకనుకు 12 ఫొటోలు తీసిండు. తర్వాత మనుషుల నడక, ఉరుకుడు, దుంకుడు కూడా ఇట్లనే పరీక్షించిండు.

అసలు సంగతి ఇప్పుడు చెప్తున్న. 1895లో పారిస్‌లో ఒక ప్రదర్శనకు పశ్చిమ ఆఫ్రికా మనుషులను తీసుకొచ్చిండ్రు. రెన్యో అనే డాక్టరు వాళ్ల కదలికలను ఈ పద్ధతిలోనే ఫొటోలు తీసిండు. మోకాళ్లు వంచి, ఒళ్లు ముందుకు వాల్చి నడిస్తే అలసట తక్కువని, సైనికులు కూడా ఇట్లనే నడవాలని వాదించిండు. 1898లో ఒక సైనికాధికారితో కలిసి నడక మీద పుస్తకమే రాసిండు. మనం నవ్వే నడకను అక్కడ సైన్యానికి నేర్పాలన్నరు! అయితే ఆయన కూడా నడకను మెచ్చిండు గాని, ఆ మనుషులను అనాగరికులనే అన్నడు. అది కూడా తప్పే.

మన దగ్గర 1940లో హైమెండార్ఫ్ అనే పరిశోధకుడు అమ్రాబాద్ చెంచు పెంటలు తిరిగి ఫొటోలు తీసిండు. 1943లో పుస్తకం అచ్చయింది. ఆ ఫొటోలు లండన్ విశ్వవిద్యాలయంలో ఉన్నయి. ఆనాడు కెమెరా బయటివాళ్ల చేతిలో ఉండె. ఈనాడు మన చేతికి రావాలె.

వార్డెన్ సార్‌కు నా మనవి: ఆదివారం ఒక్క గంట మీ ఫోన్ ఇయ్యండి. రాళ్ల గుట్ట మీద అందరం నడుస్తం. పెంట తమ్ముళ్లు ఎట్ల నడుస్తరో, మనం ఎట్ల జారుతమో తీద్దాం. దాన్ని 12 బొమ్మలుగా గీసి, నడిచినవాళ్లను అడిగి, పేర్లు రాసి ఈ గోడ మీదనే అంటిద్దాం. అప్పుడు ఎవరికి నడుసుడు రాదో అందరికీ తెలుస్తది.

గ్రౌండ్ చదునుగా ఉంటది. వాళ్ల దారి చదునుగా ఉండదు. ఆలోచించండి!

– 9వ తరగతి విద్యార్థి